మిషను కంటికి బొట్టు

మా కారం మిల్లు బయటి గోడ మీద ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు ఉండేది. ముందు భద్రత, తర్వాతే పని అని. మధ్యాహ్నం దాని కింద కాస్త నీడ పడేది కాబట్టి ఓనరు గారు తన స్కూటరు అక్కడ పెట్టుకునేవాడు. ఆ బోర్డు వల్ల బాగుపడింది ఆ స్కూటరు సీటొక్కటే. మనుషులకి దానివల్ల ఏం ఒరిగిందో నేనైతే చూడలేదు.

పది తప్పాక నేను ఆ మిల్లులో చేరాను. నల్లపాడు స్టేషన్లో ప్యాసింజరు దిగి, కోల్డు స్టోరేజీల పక్కనుంచి నడిచి పోవాలి. మిరపకాయల కాలంలో ఆ దారిలో తుమ్మకుండా నడిచేవాడు కనిపిస్తే వాడికి ముక్కు లేదని అర్థం. చేరిన కొత్తలో పనంతా చేత్తోనే. గరిటెతో ప్యాకెట్లో కారం పోయడం, కాటా మీద పెట్టడం, కొవ్వొత్తి మంట మీద మూతి అతికించడం. ముక్కుకి తుండుగుడ్డ, కళ్లకి ఏమీ లేదు. ఇంటికి పోయి ఎంత స్నానం చేసినా పక్క మీద పడుకుంటే దిండు కూడా మండేది.

తర్వాత ప్యాకింగు మిషను వచ్చింది. కోయంబత్తూరు నుంచి లారీ మీద, పెళ్లికూతురిలా గుడ్డలు చుట్టుకుని దిగింది. పైనుంచి కారం పడుతుంది, ప్లాస్టిక్ కాగితం చుట్ట దానంతటదే గొట్టంలా ముడుచుకుంటుంది, కింద వేడి చేసిన రెండు ఇనుప పలకలు దగ్గరకొచ్చి ప్యాకెట్టు మూతి నొక్కి అతికిస్తాయి. ఆ పలకల్ని మేం దవడలు అనేవాళ్లం. చప్పుడు కూడా నమిలినట్టే ఉండేది.

దాన్ని బిగించడానికి కంపెనీ మనిషి వచ్చాడు. సగం తమిళం, సగం ఇంగ్లీషు. టీలు తాగుతూ ఓనరు గారికీ ఎలక్ట్రీషియనుకీ అంతా చూపించాడు. దాని దగ్గర రోజంతా కూర్చోబోయేది మేం. మాకు మాత్రం ఎవరూ ఏమీ చూపించలేదు. మమ్మల్ని గోడవారగా నిలబెట్టి, "మీరు అనవసరంగా ముట్టుకోకండమ్మా, పాడైపోద్ది" అని ఒక్క ముక్క చెప్పి ఓనరు గారు భోజనానికి వెళ్లిపోయాడు. మర్నాడు అదే మిషను ముందు అక్కని కూర్చోబెట్టాడు.

అక్క అంటే నాకు సొంత అక్క కాదు. మా ఊళ్లో మా వీధి చివర ఇల్లు. ముస్లింలు. వాళ్ల తాతలనాటి నుంచి మా ఊరికి దర్జీలు. నాకంటే పదేళ్లు పెద్దది, నన్ను మిల్లులో చేర్పించింది కూడా తనే. మిల్లు నుంచి వచ్చాక కుట్టుమిషను ముందు కూర్చునేది. మా ఊళ్లో సగం మంది ఆడాళ్ల జాకెట్లు అక్క చేతి మీదుగా వచ్చినవే. కొలత టేపు మెడలో వేసుకుంటుందే గానీ వాడేది కాదు, జబ్బ మీద జాన వేసి చూసి కత్తిరించేసేది. ఆ చేతి చురుకు చూసే ఓనరు గారు ఆమెని మిషను దగ్గర వేశాడు. నేను పక్కన కూర్చుని, కింద పడ్డ ప్యాకెట్లు పెట్టెల్లో సర్దేదాన్ని.

ఆ దవడలకి ముందు తెరిచిన చోటు ఒకటి ఉండేది. అక్కడ అటొకటి ఇటొకటి చింతగింజంత గాజు కళ్లు. ఒకటి వెలుగు విసురుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో చెయ్యి అడ్డం పెడితే మిషను టక్కున ఆగిపోతుంది. చెయ్యి తీసి పచ్చ బటను నొక్కితే మళ్లీ నడుస్తుంది. ఆ మిషనులో బుద్ధి ఉన్న భాగం అదొక్కటే అని నేను ఇప్పటికీ అంటాను.

కానీ అది కారం మిల్లు. కారం ఎగరకుండా ఎలా ఉంటుంది? ఆ గాజు మీద ఎర్రగా పేరుకునేది. అడ్డం వచ్చింది చెయ్యో కారమో దానికేం తెలుసు, ఆగిపోయేది. అక్క జాకెట్టు ముక్క ఒకటి మెత్తటిది తెచ్చి మిషను తలుపుకి కట్టింది. ఆగినప్పుడల్లా దాంతో రెండు కళ్లూ తుడిచేది, మళ్లీ నడిచేది. కాగితం మెలిపడి ప్యాకెట్టు ఇరుక్కున్నా అంతే, అక్క చెయ్యి సూటిగా లోపలికి పోయేది, మిషను ఆగేది, ఇరుక్కున్నది లాగేసేది. కొన్నాళ్లకి ఆమె చూడటం కూడా మానేసింది. నాతో మాట్లాడుతూనే చెయ్యి లోపల పెట్టేది. చేతికి నమ్మకం కుదిరింది.

ఓనరు గారికి మాత్రం ఆ ఆగడం గిట్టేది కాదు. "మళ్లీ ఆగిందా? దీన్ని కొన్నానా, అత్తగారిని తెచ్చుకున్నానా?" అని అరిచేవాడు.

ఆ ఏడాది దసరాకి ఆయుధపూజ ఘనంగా పెట్టారు. ఓనరు గారి తోడల్లుడు, మిర్చి యార్డులో కమీషను వ్యాపారులు, ఎవరెవరో కార్లలో దిగారు. మేమంతా కడిగిన నేల మీద వరసగా నిలబడ్డాం. అమ్మగారు, అంటే ఓనరు గారి భార్య, పట్టుచీర కట్టుకుని పళ్లెంలో గంధం, పసుపు, కుంకం పట్టుకుని బయల్దేరింది. మిల్లులో ఇనుము అన్నది మిగల్చలేదు. కాటాకి పెట్టింది, మోటారుకి పెట్టింది, స్విచ్చుబోర్డుకి పెట్టింది, ఆఫీసులో కంప్యూటరుకి పెట్టింది, ఫోనుకి కూడా పెట్టింది. చివరికి ప్యాకింగు మిషను దగ్గరకొచ్చింది. తలుపుకి పెట్టి, వంగి చూసి, "అయ్యో, దీనికి కళ్లు కూడా ఉన్నాయిగా" అని మురిసిపోయి, ఆ రెండు గాజు కళ్లకీ దట్టంగా గంధం పూసి మధ్యలో ఇంతేసి కుంకం బొట్టు పెట్టింది.

నేను అక్క వైపు చూశాను. అక్క నా వైపు చూసింది.

పంతులు గారు ముహూర్తం అన్నాడు. ఓనరు గారు కొబ్బరికాయ కొట్టి, కండువా సర్దుకుని, పచ్చ బటను నొక్కాడు. మిషను కదల్లేదు. మళ్లీ నొక్కాడు. ఊహూ.

అపశకునం అన్న మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మొహాల మీదా రాసి ఉంది. తోడల్లుడు మాత్రం లోపల్లోపల సంతోషపడ్డట్టే కనిపించాడు.

ఎందుకు నడవలేదో అక్కడ తెలియనివాళ్లు లేరు. పని చేసే ప్రతి ఆడమనిషికీ తెలుసు, ఎలక్ట్రీషియనుకి తెలుసు, ఓనరు గారికీ తెలుసు. రోజూ తుడుస్తున్న కళ్లేగా. ఇప్పుడూ తుడిస్తే చాలు. కానీ కారం తుడవడం వేరు, బొట్టు తుడవడం వేరు. శుభమా అని లక్ష్మీదేవికి పెట్టిన బొట్టు, ఇంటి ఇల్లాలు పెట్టిన బొట్టు, ముహూర్తం వేళ చెరపాలి. ఎవరు చెరుపుతారు?

మా వెనక, తొడిమలు తీసే ముసలమ్మ ఒకామె గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అక్కని చిటిక వేసి పిలిచి గుసగుసలాడింది.

"ఏమే, మీకు బొట్టు లేదుగా. నువ్వు పోయి తుడిచెయ్. మాకయితే పాపం, నీకేముందీ?"

"మంచి సలహా చెప్పావు పెద్దమ్మా. నేను తుడిస్తే సాయంత్రానికల్లా ఊళ్లో నా ఇంటి మీద పడతారు. నువ్వే తుడవరాదూ?"

"నన్నసలు గుమ్మం దాటనిస్తేగా. మొగుడు పోయినదాన్ని, పూజలో నా మొహం కనపడకూడదంట."

"అయితే నోరుమూసుకుని ప్రసాదం కోసం చూడు."

నాకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి ఉరిమి చూశారు.

ఇంతలో ఎలక్ట్రీషియను దిక్కుమాలిన తెలివి చూపించాడు. మిషను వెనక పెట్టె మూత తీసి, జేబులోంచి చిన్న వైరు ముక్క తీసి, కంటి దగ్గర నుంచి వచ్చే రెండు తీగల్ని కలిపి బిగించేశాడు. అంటే ఇక కన్ను చూసినా చూడకపోయినా మిషనుకి ఒకటే. "ఇప్పుడు నొక్కండి సార్." నొక్కాడు. దవడలు నమలడం మొదలుపెట్టాయి. అందరూ చప్పట్లు. గుమ్మడికాయ పగలగొట్టారు. బొట్టు చెరగలేదు, ముహూర్తం తప్పలేదు, ఆడవాళ్లు పనిచేసే చోట కన్ను మాత్రం గుడ్డిదైపోయింది. మాకు పులిహోర పెట్టారు. బాగానే ఉంది, అబద్ధం చెప్పను.

మర్నాడు వైరు తీసేస్తారనుకున్నాం. తీయలేదు. కన్ను లేని మిషను ఆగదుగా. సాయంత్రానికి పెట్టెలు ఎక్కువ లేచాయి. ఓనరు గారు పెట్టెల వైపు చూసి, అమ్మగారి వైపు చూసి, "నీ చేతి మహిమ" అన్నాడు. అంతే, ఆవిడకి అదో నోము అయిపోయింది. ప్రతి శుక్రవారం పళ్లెం పట్టుకుని వచ్చి, పాత బొట్టు మీద కొత్త బొట్టు, పాత గంధం మీద కొత్త గంధం. ఆ కళ్లు గచ్చకాయల్లా ఉబ్బిపోయాయి.

ఇప్పుడు ప్యాకెట్టు ఇరుక్కుంటే అక్క ముందు ఎర్ర బటను నొక్కి మిషను ఆపాలి, తర్వాత చెయ్యి పెట్టాలి. మాటలో చెప్తే ఎంత సులువు! కానీ ఏడాదిగా చెయ్యి ఒక దారికి అలవాటు పడింది. దానికి ఎవరు చెప్తారు? నా కళ్లముందే ఎన్నోసార్లు ఆ చెయ్యి ముందుకి పోయి, మధ్యలో ఉలిక్కిపడి వెనక్కి వచ్చేది. పొయ్యి మీది గిన్నె తగిలినట్టు.

"అక్కా, నాకు గుండె ఆగిపోతాంది నిన్ను చూస్తంటే."

"నాకు మాత్రం ఆగట్లా? చెయ్యి నా మాట ఇనట్లేదే. బుర్ర చెప్పేలోపు అదే పోతాంది."

"పోనీ వేరే పని అడుగు."

"అడిగా. నీయంత చురుకు ఎవరికుంది అన్నాడు. పొగిడాడో తిట్టాడో."

నేను ఎలక్ట్రీషియనుని పట్టుకున్నాను. "అన్నా, ఆ వైరు తీసేయరాదూ?"

"నాకు ఓనరు గారు చెప్పాల."

"పెట్టేటప్పుడు ఎవరు చెప్పారు?"

"నీకు నోరెక్కువయింది పిల్లా. నిన్ను చేసుకునేవాడి పని అయిపోయినట్టే."

వైరు బిగించడానికి ఎవరి మాటా అక్కర్లేదు, తీయడానికి మాత్రం పైనుంచి ఆజ్ఞ దిగాలి. ఆ మిల్లులో అన్నీ అంతే. చెడగొట్టే పని ఎవడైనా చేయొచ్చు.

సరే అని ఓనరు గారి దగ్గరకే వెళ్లాను. ఫోనులో ఉన్నాడు. పెట్టేసేదాకా నిలబడ్డాను.

"ఏమ్మా?"

"మిషను కన్ను పనిచేయట్లేదండి. అక్క చెయ్యి ఎప్పుడో దాంట్లో పడిపోద్దండి."

"నీకు కరెంటు పని తెలుసా?"

"తెలీదండి."

"మరి?"

"బొట్టు తుడిచి వైరు తీస్తే చాలండి."

ఆయన నా వైపు ఎలా చూశాడంటే, నేనేదో ఆయన భార్య మొహం మీద బొట్టు తుడవమన్నట్టు. తర్వాత మెత్తగా, ఏదో ధర్మోపదేశం చేస్తున్నట్టు అన్నాడు: "దాని కన్ను పోతే మీ కళ్లు లేవా? దేవుడు మనిషికి రెండేసి ఇచ్చాడు. జాగ్రత్తగా చూసుకుని చేసుకోండి. పచ్చళ్ల సీజను అయ్యాక చూద్దాంలే."

జాగ్రత్త! ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఖర్చు లేని మాట కదా, ఎవరు బడితే వాళ్లు ఎవరికి బడితే వాళ్లకి పంచుతారు. వైరు బిగించినవాడు జాగ్రత్తగా ఉండక్కర్లేదు, బిగించమన్నవాడు ఉండక్కర్లేదు, గంధం పూసేవాళ్లు ఉండక్కర్లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కళ్లల్లో కారం పెట్టుకుని, నడుం పట్టేసి, ఒకే పని వేలసార్లు చేసే మనిషి మాత్రం ఒక్కసారి కూడా ఏమరకూడదు. ఏ దేవుడు అలాంటి మనిషిని చేశాడో నాకు చూపించండి.

ఆ మధ్యలోనే ఎవరో ఆఫీసరు వస్తున్నాడని మాకు తెల్లటి మాస్కులు, చేతి తొడుగులు ఇచ్చారు. వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. ఆఫీసరు ఆఫీసు గదిలో జీడిపప్పు తిని, మిల్లు గుమ్మం దగ్గర తుమ్మి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. కారు మలుపు తిరగ్గానే మాస్కులు వెనక్కి తీసుకున్నారు. "మళ్లీ వచ్చే ఏడు కావాలి, నలపకండి" అని మేస్త్రి ఒక్కొక్కటే మడత పెట్టించాడు.

ఎండాకాలం వచ్చింది. ఆవకాయల కాలం. మిల్లు ఊపిరాడకుండా నడుస్తోంది. రేకుల కింద ఎండ, ఫ్యాన్లు పెడితే కారం ఎగురుతుందని ఫ్యాన్లు లేవు. ఆ మధ్యాహ్నం అక్క నాకు వాళ్ల చిన్నాడపడుచు పెళ్లి సంగతి చెప్తోంది. కాగితం మెలిపడింది. నేను మెలిపడటం చూశాను. అక్క నోరు పెళ్లి దగ్గరే ఉంది, చెయ్యి మాత్రం పాత దారిన పోయింది.

అరుపు కంటే ముందు వాసన వచ్చింది. నేను ఎర్ర బటను మీద రెండు అరచేతులతో పడ్డాను. దవడలు ఆగాయి గానీ మూసుకునే ఆగాయి. మేస్త్రి వచ్చి కడ్డీతో విడదీయాల్సి వచ్చింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు. ఆ పచ్చి గాయం నిండా కారం. అంతకంటే నేను రాయను. కారం వాసన వస్తే ఇప్పటికీ ఒక్కోసారి నా వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి.

గుంటూరు ఆసుపత్రిలో ఆ రెండు వేళ్లూ పై కణుపుల దాకా తీసేశారు.

మర్నాడు మిల్లులో ఏం చేశారనుకుంటున్నారు? గుమ్మడికాయ కొట్టారు. మిషనుకి దిష్టి తగిలిందట. మనిషికి తగిలిన దెబ్బ గురించి ఓనరు గారు మమ్మల్ని పోగేసి చెప్పింది ఇంతే: "ఆడాళ్లు పనిలో కబుర్లు మానరు. ఎన్నిసార్లు చెప్పాను జాగ్రత్తగా ఉండమని? ఆసుపత్రి ఖర్చు నేను చూసుకుంటా, ఎవరూ బయట అల్లరి చేయకండి." ఎలక్ట్రీషియను తల ఊపాడు. మేస్త్రి తల ఊపాడు. మాలో కూడా కొందరు తల ఊపారు, అదీ నాకు మండింది. నిన్నటిదాకా ఆ వైరు గురించి అందరం చెవులు కొరుక్కున్నవాళ్లమే.

తర్వాత ఓనరు గారు నా వైపు తిరిగి, "నువ్వు కూర్చో ఇంక అక్కడ" అన్నాడు.

"వైరు తీయించండి, కూర్చుంటా."

"ఏందీ?"

"వైరు తీయించండి. లేకపోతే అమ్మగారిని కూర్చోమనండి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. సీజను మధ్యలో మిషను ఖాళీగా ఉంటే ఎంత పోతుందో ఆయన మొహంలో కనిపించింది. నా మీద ప్రేమతో కాదు, ఆవకాయ మీద ప్రేమతో ఎలక్ట్రీషియనుకి సైగ చేశాడు. అతను వైరు తీశాడు. పచ్చ బటను నొక్కాడు. మిషను కదల్లేదు.

కదలదుగా, దసరా నుంచి మెత్తిన గంధం అలాగే ఉందిగా కళ్ల మీద. మళ్లీ అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకోవడం. కింద నేల మీద ఆ పొద్దున రక్తం కడిగిన తడి ఇంకా ఆరలేదు, వీళ్లు మాత్రం బొట్టు వైపు చూసి జంకుతున్నారు. నాకు భయం వేయలేదు. రోత వేసింది. మంచినీళ్ల సీసా మూత తీసి ఆ కళ్ల మీద పోశాను. గోటితో గోకాను, పెచ్చులు పెచ్చులుగా లేచింది. నా ఓణీ కొంగుతో తుడిచాను. గాజు మీద ఒక్క గీత కూడా లేదు, కొత్తదానిలా మెరిసింది.

అమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "పెళ్లి కావాల్సిన పిల్లవి. ఆ చేత్తో బొట్టు చెరిపావు. నీ ఖర్మ" అంది.

"నడిచిద్దో లేదో చూడండి ముందు" అన్నాను.

నడిచింది. చెయ్యి పెడితే ఆగింది. మళ్లీ నడిచింది.

కొన్నాళ్లకి అక్కని ఇంటికి తెచ్చారు. సాయంత్రం ప్యాసింజరు దిగి నేరుగా అక్కడికే పోయాను. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. పక్కన ఎవరెవరివో జాకెట్టు గుడ్డలు, పండగ కోసం ఇచ్చినవి.

"ఏందే, నా చోట్లో కూర్చున్నావంటగా."

"కన్ను పనిచేస్తంది అక్కా. తుడిచా."

"నువ్వా?"

"ఊ."

"ఎంతసేపు పట్టింది?"

అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. కోయంబత్తూరు నుంచి మనిషి వచ్చాడనో, కొత్త గాజు వేశారనో. ఆ మొహం చూస్తే నోరు రాలేదు.

"నీళ్లు పోసి గోకితే వచ్చేసింది."

"అంతేనా?"

"అంతే."

అక్క కాసేపు కట్టు వైపు చూసుకుంది. తర్వాత పళ్లు కొరుక్కుంటూ, ఓనరునీ, ఎలక్ట్రీషియనునీ, పూజకి వచ్చి చప్పట్లు కొట్టిన కార్లవాళ్లనీ, వాళ్ల తాతముత్తాతలనీ కలిపి ఒక తిట్టు తిట్టింది. ఇక్కడ రాస్తే అచ్చు వేయరు. లోపల్నుంచి వాళ్లత్త, "పిల్ల ముందు అవేం మాటలే" అని కేకేసింది.

"పిల్లేమన్నా చెవిటిదా, రోజూ మిల్లులో ఇనేదే" అని, ఎడమచేత్తో ఒక జాకెట్టు లాగి నా ఒళ్లో పడేసింది. "కుట్టడం అయిపోయిందిది. హుక్కులే మిగిలాయి. సూది అందుకో, నేను చెప్తా."

నేను కుట్టాను. నాలుగో హుక్కు దగ్గరకొచ్చేసరికి అక్క ముందుకి వంగి, దీపం వెలుగులో చూసి మొహం చిట్లించింది.

"థూ, అదేం కుట్టే? గోతానికి మూతి కుట్టినట్టుంది. విప్పు. మొత్తం విప్పు."

నేను విప్పడం మొదలుపెట్టాను.